ఎడమచేత్తో పోసిన నీళ్ళు

చిత్తూరుకు ఎగువన ఒక పల్లె. మామిడికాయల కాలం, మిట్టమధ్యాహ్నం. అరుగు మీద సిద్ధమ్మ, కళ్ళు కనపడని ఆమె కూతురు పంకజాక్షి, తిరుపతి నుంచి జీపులో వచ్చిన కంటి డాక్టరు సంపత్కుమార్. లోపల చాప మీద పొద్దున ప్రాణం పోయిన సిద్ధమ్మ కొడుకు చెంగల్రాయుడు.

“ఎడమచేత్తో పోస్తాండానని తప్పు పట్టుకోబాకండి సార్. కడుక్కోండి.”

“పరవాలేదు సిద్ధమ్మా, పొయ్యి. కుడిచేతికి ఏమైంది, గుడ్డ చుట్టుకున్నావు?”

“కాయలు కోస్తా ఉంటే కత్తి తగిలింది సార్.”

“ఇట్లా చూపించు, మందు పెడతాను.”

“ఒద్దు సార్, పసుపు పెట్టినా. నా చేతికేం వచ్చింది ఇప్పుడు? మీరు వచ్చిన పని సూడండి. ఎండ ముదరతా ఉండాది. మునిరామయ్య మామ కట్టెలు కొట్టించేదానికి పోయినాడు. ఆయన వచ్చే లోపల మీ పని ముగించుకోండి. ఆయన చూస్తే పీనుగు మీద కత్తి పెట్టనియ్యడు.”

“కత్తి కాదమ్మా. చాలా చిన్న పని. ముఖం ఏమాత్రం మారదు. రెప్పలు మూసేస్తే నిద్రపోయినట్లే ఉంటాడు రాయుడు.”

“నిద్రపోయినట్లేనా?”

“అవునమ్మా.”

“మీ కంటి శిబిరంలో మీతో ఎగతాళి చేసినాడు గదా సార్ అన్న. గుర్తుండాదా?”

“ఎట్ల మరిచిపోతాను పంకజా? అంత పెద్ద శిబిరంలో తన కళ్ళు రాసిచ్చింది వాడొక్కడే. ‘తీసేటప్పుడు నన్ను లేపబాకండి సార్, నాకు నిద్ర జాస్తి’ అన్నాడు. అందరం నవ్వినాం. ఆ మాట ఇంత తొందరగా... పొద్దున మీ ఊరి గంగాధరం మాస్టరు టెలిఫోన్ చేసి పేరు చెప్పినప్పుడు, నేను ఇంకెవరో రాయుడు అనుకున్నాను.”

“పెళ్ళి కావాల్సిన బిడ్డ సార్. ఆ తోటలో కాయ దిగిపోతే, ఆషాఢం రాకముందే సంబంధం సూడాలనుకున్నాం.”

“ఏడవబాకు అమ్మా. నువ్వు ఏడిస్తే సార్‌కి చెయ్యి ఆడదు.”

“ఏడవను లే. నేను ఏడవను. సార్, మా పంకజకి ఎప్పుడు పెడతారు? ఈ పొద్దేనా?”

“రేపు పెడతాం. కూతుర్ని ఈ జీపులోనే నాతో పంపించు. ఐసు పెట్టెలో కళ్ళు, పక్కన పంకజ. ఎన్నిసార్లు తిరిగినారమ్మా మీరు ఆస్పత్రికి! వచ్చిన ప్రతిసారీ ‘ఇంకా దొరకలేదు, పోయి రండి’ అని చెప్పీ చెప్పీ నాకే నోరు రాకుండా పోయింది.”

“రెండు కండ్లూ దీనికే పెడతారు గదా?”

“ఒకటి పంకజకి. రెండోది ఏర్పేడు దగ్గర నుంచి వచ్చిన చిన్నపిల్లకి. వార్డులో ఉంది, రాత్రి నుంచి ఆ పిల్ల అమ్మ నా గది బయటే కూర్చుంది.”

“మా అబ్బోడి కండ్లు సార్ అవి. అన్నవి చెల్లెలికి గాక—”

“ఒక కన్ను చాలు సిద్ధమ్మా. ఒక కంటితో పంకజ నీ ముఖం చూస్తుంది, దారి చూస్తుంది, సూదిలో దారం ఎక్కిస్తుంది. రెండోది ఇంకొక ఇంట్లో దీపం పెట్టనీ.”

“పెట్టనీ అమ్మా. అన్న ఉంటే అదే అంటాడు.”

“సరే. సరే సార్. మీ ఇష్టం. బిన్నా కానీయండి, మామ వచ్చేస్తాడు.”

“లోపలికి పోదాం. కళ్ళ మీద తడిగుడ్డ పెట్టమని మాస్టరుతో చెప్పినాను, పెట్టినారా? ఆరిపోతే కంటి ముందర ఉండే పొర పాడైపోతుంది.”

“నేనే పెట్టినా సార్. తడిపి తడిపి మార్చినా. ముఖం కూడా తుడిచినా. ఇప్పుడు అన్న ఏమీ అనలేదు.”

“ఇప్పుడు ఏమీ అనలేదంటే?”

“చచ్చిపోయినోడు ఏమంటాడు సార్? అది చిన్నపిల్ల, ఏదో వాగతాది. రండి లోపలికి.”

“ఉండు సిద్ధమ్మా. కిటికీకి గోనెపట్ట ఎందుకు కట్టినారు? ఇంత ఎండలో, లోపల ఊపిరాడదే.”

“వెలుగు పడలేదు వాడికి. జొరంలో తలనొప్పి.”

“గాలి?”

“గాలికేముంది?”

“విసనకర్రతో విసిరినారా?”

“విసిరినాం... విసరలేదు. ఏమో సార్, నాకు గుర్తు లేదు. బిడ్డ పోయినదాన్ని ఇన్ని అడగతారా? మీరు వచ్చింది కండ్లు తీసేదానికా, పోలీసు మాదిరి యక్షప్రశ్నలేసేదానికా?”

“అడగాలమ్మా. కళ్ళు తీసే ముందు ఎవరినైనా అడుగుతాను. మనిషి ఏ జబ్బుతో పోయినాడో తెలియకుండా అతని కన్ను తీసి ఇంకొకరికి పెట్టకూడదు. ఆరోగ్యంగా ఉండినోడేనా?”

“ఉక్కు మాదిరి ఉండినాడు. తోటాపురి మామిడి గంపలు తలమీద పెట్టుకోని లారీకి ఎక్కించేవాడు.”

“కామెర్లు ఏమైనా వచ్చినాయా, ఈ మధ్య?”

“రాలేదు.”

“దగ్గు, రక్తం పడడం?”

“లేదు సార్.”

“పాము గాని?”

“లేదు లేదు. జొరం. విషజొరం. మూడు పొద్దులు లేయలేదు, పోయినాడు. అంతే.”

“ఏ డాక్టరు చూసినాడు?”

“డాక్టరు యాడ సార్ ఈడ? ఆ వంకకవతల కొండకింద మునస్వామి అని ఆకుమందు ఇస్తాడు. ఆయన వచ్చి చూసినాడు.”

“విషజ్వరానికి ఆకుమందు మునస్వామిని పిలిచినారా?”

“పిలిచినాం. ఏం, పిలవకూడదా?”

“నీళ్ళు తాగినాడా రాయుడు?”

“ఎందుకు తాగలేదు! తాగినాడు. సెంబెడు తాగినాడు.”

“ఎవరు ఇచ్చినారు?”

“నేనే ఇచ్చినా. ఈ చేత్తోనే... సార్, మీకు ఏం గావాల? నా బిడ్డ కండ్లు సూడండి ఒకసారి, ఎంత తేటగా ఉండాయో. పాల మాదిరి తెలుపు. మచ్చ లేదు, మరక లేదు. అంతకంటే ఏం గావాల?”

“పంకజా, నువ్వు చెప్పు తల్లీ. అన్న నీళ్ళు తాగినాడా?”

“దానికేం తెలుస్తాది సార్? కండ్లు లేనిది.”

“చెవులు ఉన్నాయి గదా. పంకజా?”

“గమ్మునుండే! సార్, అది రాత్రంతా నిద్ర లేక—”

“నేను అడుగుతున్నది పంకజని.”

“సార్... ఆ వార్డులో ఉండే పాప పేరేంది?”

“ఎవరు, ఏర్పేడు పాపా? కోమలం.”

“ఎంతుంటాది?”

“ఇంకా పలక పట్టలేదు.”

“తాగినాడని చెప్పవే. ఏమే, చెప్పు సార్‌కి. తాగినాడని చెప్పి, పోయి జీపెక్కు. నీకు మొక్కతా.”

“అమ్మా, నా కాళ్ళు పట్టుకోబాకు. లెయ్యి.”

“చెప్పవే!”

“అన్న నీళ్ళు తాగలేదు సార్. సెంబు సద్దు వింటేనే అరిచినాడు. గొంతు పట్టేసేది. నేను కడవ ముంచితే గూడా లోపల ఉలిక్కిపడేది వినపడతా ఉండె. దినమంతా దాహం, దాహం అన్నాడు గాని...”

“ఒసేయ్, ఆపు! ఇంగ ఆ మాట అనబాకు. ఆ మాట మాత్రం అనబాకే, నా తల్లి గదా, నీ నోట్లో—”

“అన్నని కుక్క కరిచింది సార్.”

“అయ్యో! అయ్యో, అనేసిందే! ఎంత పని చేస్తివే! ఇంట్లో ఆ పేరే ఎత్తకూడదని గదా మునస్వామి కట్టు కట్టింది! పేరెత్తితే విషం లేచి, ఒక సట్టిలో తిన్నోళ్ళందరికీ పాకతాదని గదా చెప్పింది! ఇన్నాళ్ళు ‘అది’ ‘అది’ అనే అంటిమి గదా, తూ, తూ, ఊంచేయ్, నోరు కడుక్కో, పో!”

“సిద్ధమ్మా. కూర్చో. పేరు ఎత్తితే విషం పాకదు. కూర్చో అమ్మా. ఎప్పుడు కరిచింది పంకజా?”

“ఉగాది పోయినాక సార్. తోటకాడ పడుకుంటే, ఏదో ఊరిది కాదంట, చొంగ కార్చుకుంటా వచ్చి పిక్క పట్టుకునిందంట. చిత్తూరు ఆస్పత్రికి పోతే బొడ్డు చుట్టూ సూదులు వేస్తారు, దినమూ పోవాల, కాయల పని పోతాదని... మునస్వామి తాత ఆకు నూరి మింగించినాడు. ఉప్పు లేదు, పులుపు లేదు, ఆ పేరు ఎవురూ అనకూడదు. అన్న అన్నీ పాటించినాడు. పుండు గూడా మానిపాయె.”

“పుండు మానుతుంది తల్లీ. లోపలిది మానదు. సిద్ధమ్మా, నన్ను క్షమించు. ఈ కళ్ళు నేను తీసుకోలేను.”

“యాల?”

“చెప్తాను—”

“యాల తీసుకోలేరు? విషం నోట్లో గదా ఉండేది? చొంగలో గదా ఉండేది? కంట్లో యాడుంటాది? మీరు నోరు తీసుకోబాకండి, కండ్లే తీసుకోండి!”

“పిక్కలో పట్టిన విషం నరం వెంట పాకి పాకి మెదడుకు పోతుందమ్మా. మెదడు నుంచి కంటికి. చూసేదానికి కన్ను తేటగానే ఉంటుంది. కానీ ఆ సన్నటి పొరలో గూడా అది ఉంటుంది. ఎక్కడో దూరదేశంలో ఇట్లాగే తెలియక పెట్టినారు. కన్ను పెట్టించుకున్న మనిషి కూడా ఇదే జబ్బుతో, ఇట్లాగే నీళ్ళకి, గాలికి అరిచి పోయినట్లు చదివినాను.”

“అది వాళ్ళు పరాయోళ్ళు సార్. ఇది తోడబుట్టింది. ఒక రగతం. వాడి విషం దీన్నేం చేస్తాది?”

“రక్తం చూడదమ్మా అది.”

“ఆ పాపకి పెట్టబాకండి. మా పంకజకి ఒక్కదానికి పెట్టండి. ఏమన్నా అయితే నేను అడగను. వేలిముద్ర ఏస్తా. ఎవురికీ చెప్పను. గుడ్డిది, ఇంగ దీని బతుకేమి సార్? వాళ్ళ నాయన పోయె. ఇప్పుడు వీడు పోయె. నేను పోతే దీని చెయ్యి పట్టుకునేదెవురు? అమ్మవారు పోసినప్పుడు కండ్లు ఎర్రబడితే ఆ మునస్వామే పసరు ఇచ్చినాడు, నేనే, ఈ తల్లినే, దీన్ని ఒడిలో అదిమిపెట్టి రెండు కండ్లలో పోసినా. తెల్లారేసరికి పువ్వు వేసె. నేను తీసిన కండ్లు సార్ అవి. తిరిగి ఇచ్చేదానికి దేవుడు ఈ పొద్దు ఒక దారి చూపిస్తే, ఇదే నోరు తెరిచి మూసేసె.”

“అమ్మా, నాకొద్దు. ఆ కండ్లు నాకొద్దు.”

“నీకేం తెలుసే?”

“అన్న ఎట్ల పోయినాడో విన్నా గదా. గడపకి ఇవతల కూర్చోని అంతా విన్నా. అట్ల ఆ పాప పోతే? వాళ్ళమ్మ నీ మాదిరే ఏడస్తాది గదా. అన్న కండ్ల వల్లనే పోయిందని అన్న పేరు చెప్పుకోని.”

“పంకజా, ఇట్లా రా తల్లీ. నా పక్కన కూర్చో. నీ వంతు పోలేదు. ఇంకొకరివి వస్తాయి. మొదటగా నిన్నే పిలుస్తాను.”

“అట్లనే చెప్పి దీన్ని పంపిస్తిరి గదా సార్ ఇన్నాళ్ళూ.”

“అవును. చెప్పినాను. ఇప్పుడు కూడా అదే చెప్పేది, వేరే మాట నా దగ్గర లేదు.”

“అయితే పోండి. మీరూ పోండి. ఐసు ఊరికే కరగబెట్టుకుంటా ఎందుకు ఈడ?”

“పోయే ముందు ఒక మాట. రాయుడి చొంగ ఎవరి మీదైనా పడిందా? పుండు మీద గాని, కంట్లో గాని? ఎవరినైనా గీరినాడా, కరిచినాడా? అట్లాంటివాళ్ళు ఉంటే వెంటనే సూదులు వేయించుకోవాలి. జబ్బు పైకి తేలక ముందే. తేలినాక దేవుడు దిగి వచ్చినా లాభం లేదు.”

“ఎవురూ లేరు.”

“పంకజని?”

“దీన్ని గడప దాటనియ్యలేదు. తలుపుకి అడ్డం నేను పడుకున్నా. వాడికి మతి వచ్చినప్పుడంతా వాడే అరిచినాడు, ‘చెల్లెల్ని రానియ్యబాకమ్మా’ అని.”

“పొద్దున తుడిచింది గదా పంకజ?”

“మూతి నేనే కడిగేసినా సార్ ముందే. కండ్ల మీద గుడ్డ వరకే దీనికిచ్చింది.”

“అయినా పంకజకి వేయిద్దాం, ఎందుకైనా మంచిది. మరి నువ్వు? లోపల ఉండింది నువ్వొక్కదానివే.”

“నాకేమి! నాకేం కాలేదు. సార్, ఒక మాట అడగతా, చెప్తారా?”

“అడుగమ్మా.”

“నా కండ్లు?”

“నీ కళ్ళేంటి?”

“దీనికి పెట్టేదానికి. నావి పనికొస్తాయా?”

“బతికి ఉన్న మనిషి కళ్ళు తీయకూడదు సిద్ధమ్మా.”

“ఇప్పుడు కాదు సార్. పోయినాక.”

“పోయినాక పనికొస్తాయి.”

“ఆ మాటలేందమ్మా! అన్న లోపల ఉండగానే.”

“నువ్వుండవే. నాకు చత్వారం ఉండాది సార్. బియ్యంలో రాయి అగుపడదు.”

“చత్వారం ఉన్నా పరవాలేదు.”

“పొయ్యి పొగకి ఎప్పుడూ నీళ్ళు కారతాయి.”

“అది కూడా పరవాలేదు. ముసలివాళ్ళవి తీసుకుంటాం, అద్దాలు పెట్టుకునేవాళ్ళవి తీసుకుంటాం, చక్కెర జబ్బు ఉన్నవాళ్ళవి కూడా. ముందర ఉండే ఆ పొర బాగుంటే చాలు.”

“ఏ జబ్బుతో పోయినా?”

“చాలా జబ్బులకి పరవాలేదు. కొన్నింటికి మాత్రం ముట్టుకోం.”

“ఏవేవి?”

“ఇందాక అడిగినాను గదా, అట్లాంటివి. అన్నింటికంటే ముందు రాయుడిది. ఆ జబ్బని అనుమానం వచ్చినా సరే, ముట్టుకోం.”

“అనుమానం వచ్చినా?”

“వచ్చినా.”

“అయితే... ఇప్పుడు ఎవురన్నా, వాడి మాదిరే, అదే జబ్బుతో పోతే... ఆ మనిషి కండ్లూ మట్టిలోకేనా?”

“మట్టిలోకే అమ్మా. ఎందుకు అడుగుతున్నావు?”

“ఊరికే.”

“సిద్ధమ్మా?”

“ఊరికే అడిగినా సార్. పోండి మీరు. చేతులు కడుక్కోని పోండి. సావింట్లో కూర్చున్నారు గదా. రండి, పోస్తా.”

“పొయ్యి.”

“అమ్మా, సెంబు ఇట్లియ్యి, నేను పోస్తా. నీళ్ళన్నీ నా కాళ్ళ మీద పడతాండాయి.”

“పంకజా.”

“ఆ.”

“ఈ కుడిచేతి గుడ్డ విప్పు.”

“యాల? కత్తి గాటు ఇంకా పచ్చిగా ఉంటాది.”

“విప్పవే. ముడి నీకు దొరకతాది, విప్పు.”

“విప్పినా. అమ్మా... ఇదేంది, గుండ్రంగా... ఇట్ల తగలతాదా కత్తి? అమ్మా! ఇవి పండ్ల గాట్లు గదా! అమ్మా, అన్న నిన్ను—”

“అరవబాకు. జీపు దగ్గర జనాలుండారు. సార్, దాహం దాహం అంటే చూడలేక, నూలుగుడ్డ తడిపి పెదాలకి అద్దినా. వాడి తప్పు లేదు. వాడికి తెలియలేదు.”

“ఎప్పుడు?”

“నిన్న.”

“నిన్నా! ఎందుకు దాచినావమ్మా? ఇంతసేపు, నేను అంతగా అడుగుతుంటే!”

“చెప్తే వాడి జబ్బు బయటపడతాదని. బయటపడితే మీరు కండ్లు తీసుకోరని. ఆ తర్వాత... ఇది పలికేసినాక, మీరు ఒద్దన్నాక, ఇంగ యాల చెప్పాల అనుకున్నా. నేనూ వాడి ఎనకాలే పోతా. పోతే నా కండ్లు దీనికి మిగలతాయి గదా, నిదానంగా చావు వస్తే యాడ కాచుకోని ఉండేది, ఇదే మంచిది అనుకున్నా. మీరు ఇట్ల చెప్తిరి.”

“అమ్మా, నువ్వు చస్తానని కూర్చున్నావా? నా కోసరం చస్తానని?”

“ఏడవబాకు పంకజా. సిద్ధమ్మా, జీపెక్కు. ఇప్పుడే. చెయ్యి సబ్బుతో బాగా రుద్ది రుద్ది కడిగి, ఇట్లే ఎక్కు. ఇంకా సమయం ఉంది. ఎంత సమయమో నేను చెప్పలేను, కానీ ఉంది.”

“బిడ్డని చితి మీద పెట్టకుండా ఎట్ల వచ్చేది సార్?”

“మునిరామయ్య చూసుకుంటాడు. నేను చెప్తాను ఆయనతో. అమ్మా, పోయినవాడు ఆగుతాడు. ఇది ఆగదు.”

“బొడ్డు చుట్టూ ఏస్తారు గదా? దినమూనా?”

“దినమూ. నొప్పిగా ఉంటుంది. ఒక్కటీ తప్పకూడదు.”

“తప్పను. పద పంకజా, నా చెయ్యి పట్టుకో. ఆ చెయ్యి కాదు, ఎడమది. సార్, అన్నీ ఏయించుకుంటా, ఎన్నయినా సరే. బతకాలని కాదు. నా కండ్లు సెడిపోకూడదు.”